నీళ్ళడిగే చీకటిగది

చిక్కపేటలో చీరల హోల్‌సేల్ అంగళ్ళ వెనక సందులో, మేడమీద ఒక చీకటిగది ఉంది. ఒకప్పుడు అశ్వత్థప్ప అనే ఆయన ఫోటో స్టూడియోలో ఫిల్ములు కడిగిన గది. ఆయన అందులోనే పోయాడట. లోపల పని జరుగుతుంటే తలుపు తీయకూడదని బయటివాళ్ళు ఆగిపోయారట... ఆయన నీళ్ళడుగుతూ అడుగుతూ ప్రాణం వదిలాడట.

అప్పట్నుంచి అక్కడ ఎవరు ఫిల్ము కడగబోయినా, చీకట్లో ఒక గొంతు నీళ్ళడుగుతుందని చెప్పుకుంటారు.

ఐదేళ్ళలో నలుగురు ఆ గది అద్దెకు తీసుకున్నారు. నలుగురూ పారిపోయారు. అందరూ మెడలో కెమెరా వేలాడేసుకుని ఊరేగే మొనగాళ్ళే. వాళ్ళ ధైర్యం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఐదోవాడు హేమంత్‌కుమార్. గది తీసుకుని వారం కాలేదు, అందులో ఇంకా ఒక్క ఫిల్మూ కడగలేదు. మూడేళ్ళ క్రితం దాకా ఫిల్మంటే సినిమా అనుకున్నవాడు. ఇప్పుడు ఆదివారాలు వేరేచోట పదిమందిని కూర్చోబెట్టి ఫిల్ము కడగడం నేర్పిస్తాడు. దెయ్యం మాట ఎత్తితే పెదవి విరిచేవాడు.

అతని దగ్గరికి వెళ్ళింది నళిని. యలహంకలో టీచరు. నాకీ సంగతి చెప్పింది ఆమే.

నళిని చెల్లెలు కావ్య చనిపోయి పన్నెండేళ్ళు. అటక సర్దుతుంటే కావ్య కెమెరా దొరికింది. లోపల ఒక రీలు, కడగనిది. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. పాడైతే మళ్ళీ రాదు.

"పాత ఫిల్ము కదా, ముందు నీళ్ళలో నానబెడతారంట..." అంది నళిని.

హేమంత్ నవ్వాడు. "అదంతా ఓల్డ్ పీపుల్ చాదస్తం మేడమ్. డైరెక్ట్‌గా డెవలపర్ మందు పోసేయడమే. కావాలంటే పక్కనే ఉండి చూడండి."

మధ్యాహ్నం మూడు గంటలు. కింద సందులో తోపుడుబళ్ళ గోల. గది తలుపు మూయగానే ఆ గోల ఎక్కడికో పోయింది. ఆ గదికి పగలుండదు.

చీకట్లో ఫిల్ము చుట్టిన చప్పుడు... డబ్బా మూత బిగించిన చప్పుడు... తర్వాత మందు సీసా బిరడా తీసిన చప్పుడు.

"నీళ్ళు..."

నళిని చటుక్కున వెనక్కి తిరిగింది.

"మీరేమైనా అన్నారా మేడమ్?"

"లేదు."

డబ్బా మూత బిగించేశాడు గనక ఇక ఫిల్ముకి వెలుతురు తగలదు; హేమంత్ తడుముకుని లైటు వేశాడు. గదిలో వాళ్ళిద్దరే. నాలుగు గోడలు — మూడు సున్నపువి, ఒకటి చెక్కపలకలది. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. సీసా ఎత్తాడు.

"నీళ్ళు... ముందు నీళ్ళు పొయ్యప్పా..."

ఈసారి దగ్గర్నుంచి. చెవి పక్కనుంచే అన్నట్టు.

సీసా బల్ల మీద పెట్టేశాడు మహానుభావుడు. చెప్పులు కూడా వేసుకోలేదు. మెట్ల మీద అతని అడుగుల చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు.

నళిని కూడా తలుపు దాకా వెళ్ళింది. వెళ్ళిపోదామనుకుంది. కానీ డబ్బాలో కావ్య రీలుంది. ఎవరి మాట నమ్మాలి? పారిపోయినవాడిదా, కనపడనివాడిదా?

మగ్గుతో నీళ్ళు ముంచి, మూత మధ్య రంధ్రంలోంచి డబ్బాలో పోసింది. గుసగుసగా అడిగింది —

"ఎంతసేపు ఉంచాల సామీ?"

ఆ గొంతే పలికింది.

"...అయిదు నిమిషాలు. డబ్బా అడుగు మెల్లగా తట్టు. బుడగలు పోవాల."

తట్టింది. నిమిషాలు గడిచాయి.

"వొంపెయ్."

వొంపితే నల్లటి నీలం నీళ్ళు పడ్డాయి. నళిని చిన్నగా కేక పెట్టింది.

"అది ఫిల్ము మీది రంగు. పోనీ. ఇంక మందు పొయ్."

అట్లా ఒక్కో మాటే వస్తూ ఉంది. పొయ్... కదిలించు... చాలు... వొంపు. చివర కడిగి, మూత తీసి, తడి ఫిల్ము లైటు ముందు పెడితే — బొమ్మలు. ఒక్క చార లేదు.

"ఎవరు సామీ నువ్వు? అశ్వత్థప్పవా?"

పలకల గోడలో ఒక చెక్క కిర్రుమని పక్కకు జరిగింది. ఆ సందులోంచి ఒక ముసలి మొహం చూసింది.

"ఆయనా? ఆయన దెయ్యమైనా ఈ గదిలోకి రాడు. మందు వాసనంటే పడదు. ఆసుపత్రిలో, నా చేతి నీళ్ళు తాగే పోయినాడు. నేను సొన్నమ్మని, ఆయన పెళ్ళాన్ని. ఈడ నలభై ఏండ్లు ఫిల్ములు కడిగింది నేను. బయట కుర్చీలో కూచుని పేరు తెచ్చుకునింది ఆయన."

వెనక సందు వైపు వాకిలి ఉన్న వాటాలో ఆమె ఒక్కతే ఉంటోంది. ఆ పలకల వెనక మనుషులుంటారని అద్దెకొచ్చినవాళ్ళకి తోచనే లేదు.

"నువ్వేల అవ్వా అందర్నీ భయపెడతావు?"

"నేనేం భయపెట్టినాను? నీళ్ళు పొయ్యకుండా మందు సీసా తీసే చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండుతాది. చెప్పినాను. అయిదుమందీ పరిగెత్తినారు. ఎంతసేపని అడిగింది నువ్వొక్కదానివే."

ఆమె చెయ్యి చాచి ఫిల్ము అంచు పట్టుకుంది. చివరి బొమ్మలో కావ్య, అద్దం ముందు కెమెరా పట్టుకుని తన్ను తానే ఫోటో తీసుకుంటూ నవ్వుతోంది. నళిని కళ్ళు తుడుచుకుంది.

సొన్నమ్మ కళ్ళు చిట్లించి చూసి, పెదవి విరిచింది.

"నవ్వుతా తీసినాది ఈ పిల్ల. చెయ్యి కదిలిపోయింది చూడు."