గుమ్మంలో ఆగిన మంచం

ఈ పూట గీత దాటేవాళ్ళు ముగ్గురని, ఆస్పత్రిలో వైద్యమంతా నిర్ణయించే కృత్రిమ మేధ నిర్ణేత గోడలోంచి చెప్పింది. హైమ మణికట్టు మీది బూడిదరంగు పట్టీ సర్దుకుని నడిగుమ్మం దగ్గర నిలబడింది. గుమ్మానికి అవతల ఆకుపచ్చ గోడల బాలవిభాగం, ఇవతల బూడిద గోడల ప్రౌఢవిభాగం. పద్దెనిమిదేళ్ళు నిండిన నిమిషానికి రోగి మంచం తనంతట తనే కదిలి ఇటు వచ్చేస్తుంది. ముందు చక్రాలు గుమ్మం ఎక్కగానే రోగి పేర కొత్త వైద్యపత్రం తెరుచుకుంటుంది, వెనక చక్రాలు దిగగానే పాత పత్రం మూతపడుతుంది. మధ్యలో పన్నెండు సెకన్లు. ఇవతల అందుకోవడానికి ఒక డాక్టరు ఉండాలని నియమం. ఎందుకుండాలో అడిగితే ఎవరూ చెప్పలేరు.

మొదటివాడు కాలు విరిగిన కుర్రాడు.

"మేడమ్, ఇకనుంచి సాయంత్రం ఐస్‌క్రీమ్ ఉండదా?"

"ఉండదు. చప్పిడి ఉప్మా ఉంటుంది. పెద్దవాడివయ్యావుగా."

వాడు మొహం వేలాడేసుకుని వెళ్ళిపోయాడు. రెండో అమ్మాయి నిద్రలోనే గీత దాటింది.

హైమ ఉభయశిక్షణలో నాలుగో ఏడాది. వంద రోజులు ఆకుపచ్చ పట్టీ, వంద రోజులు బూడిద పట్టీ. చంటిపిల్లల దగ్గూ నేర్వాలి, ముసలివాళ్ళ మధుమేహమూ నేర్వాలి. పిల్లల డాక్టర్లు ఆమెను పెద్దల డాక్టరంటారు, పెద్దల డాక్టర్లు పిల్లల డాక్టరంటారు, భోజనాల దగ్గర ఇద్దరూ పక్కన చోటివ్వరు. ఈ శిక్షణ దండగని నిర్ణేత తేల్చేశాక కొత్తవాళ్ళని తీసుకోవడం మానేశారు. ఆఖరి జట్టులో మిగిలింది హైమ ఒక్కతే. పట్టా చేతికి రావడానికి ఇంకా నలభై రోజులున్నాయి.

మూడో పేరు ఆమెకి బాగా తెలిసిందే. పైడితల్లి, పది గంటల నలభై నిమిషాలు.

పైడికి పుట్టుకతోనే సగం గుండె. మూడు ఆపరేషన్లు చేసి, ఒంట్లోంచి వచ్చే రక్తం ఏ పంపూ లేకుండానే ఊపిరితిత్తుల్లోకి జారేట్టు దారి వేశారు. అందరికీ నూటికి తొంభై ఎనిమిది ఉండే ఆక్సిజన్ ఆమెకి ఎనభై ఆరు. ఆమెకి అదే ఆరోగ్యం. మొదటి ఏడాదిలో హైమకి ఈ సంగతులన్నీ బొమ్మ గీసి చెప్పింది ప్రొఫెసర్లు కాదు, అప్పటికి పద్నాలుగేళ్ళ పైడే. ఇప్పుడు మూడు రోజులుగా వాంతులు. ఒంట్లో నీరంతా పోయింది. బాలవిభాగంలో సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టి గంట కూడా కాలేదు.

మంచంతో పాటు నడుస్తూ పైడి వాళ్ళమ్మ నూకాలు వచ్చింది. హైమని చూడగానే ఆమె మొహం విప్పారింది.

"డాక్టరమ్మా, మీరున్నారా! ఇంకేటి, బతికిపోనాం."

ముందు చక్రాలు గుమ్మం ఎక్కాయి.

"కొత్త రోగి," అంది నిర్ణేత. "ఆక్సిజన్ ఎనభై నాలుగు. కాలేయం పెద్దదైంది. గతం: పుట్టుకతో గుండెలోపం, శస్త్రచికిత్స పూర్తి. నిర్ణయం: గుండె వైఫల్యం. సెలైన్ ఆపాలి, నీరు తీసే మందు ఇవ్వాలి, శ్వాసయంత్రం పెట్టాలి. వెనక చక్రాలు దిగగానే అమలు."

శస్త్రచికిత్స పూర్తి అని రాయడం పిల్లల సర్జన్లకి అలవాటు. మూడో ఆపరేషను గట్టెక్కాక వార్డులో కేకు కోయించి మరీ రాస్తారు. ఇవతలివైపు అది చదివితే గుండె మామూలుదైపోయిందనే అనుకుంటారు. కానీ ఈ పిల్లకి నీరు తీస్తే ఆ దారిలో రక్తం పారదు. యంత్రం గాలి నెడితే పారే కాస్తా ఆగిపోతుంది. గంట తిరక్కుండా పైడి చచ్చిపోతుంది.

హైమ మంచం కింద బ్రేకు మీద కాలేసి గట్టిగా తొక్కింది. రెండు చక్రాలు అటు, రెండు ఇటు, మంచం గుమ్మంలో ఆగిపోయింది.

"అడ్డంకి. తొలగించండి."

"నాకు అభ్యంతరం ఉంది. పాత పత్రం చూడు."

"పాత పత్రంలోని ఆధారం ప్రౌఢవిభాగంలో చెల్లదు."

అడ్డంకి గంట మోగుతుంటే ప్రౌఢవిభాగం పెద్ద డాక్టర్ తవిటినాయుడు ఆయాసపడుతూ వచ్చాడు.

"ఏటమ్మా హైమా, దారికడ్డంగా ఇదేటి?"

"యంత్రం పెడితే ఈ పిల్ల బతకదు సార్."

"నిర్ణేత అలా అన్లేదు కదా."

"దానికి ఈ గుండె గురించి తెలీదు. మీకూ తెలీదు."

ఆయన మొహం కందిపోయింది. గొంతు తగ్గించాడు. "తెల్దు. నేను పిల్లల్ని ముట్టుకుని ముప్పై ఏళ్ళయింది. అందుకే అది చెప్పింది చేస్తాను. నలభై రోజులాగితే పట్టా చేతికొస్తాది. ఆ బ్రేకు తీసెయ్ తల్లీ."

"తియ్యను."

హైమకి భయం వేసింది. భయం కంటే కోపం ఎక్కువగా ఉంది. నాలుగేళ్ళు రెండు వైపులా చాకిరీ చేసి నేర్చుకున్నది ఈ ఒక్క పిల్ల ప్రాణం కాపాడ్డానికి పనికిరాకపోతే ఆ పట్టా ఏం చేసుకోను అనుకుంది.

గుమ్మంలో ఉన్నంతసేపూ పాత ఆదేశాలే నడుస్తాయి. పన్నెండు సెకన్ల కోసం పెట్టిన వెసులుబాటు అది. ఎవరైనా అక్కడే బైఠాయిస్తారని పెట్టినవాళ్ళకి తట్టి ఉండదు. సెలైన్ చుక్కలు పడుతూనే ఉన్నాయి. తవిటినాయుడు తల విదిలించుకుంటూ వెళ్ళిపోయాడు. హైమ స్టూలు లాక్కుని కూర్చుని పైడి నాడి పట్టుకుంది. పదకొండింటికి నిర్ణేత ఆమె పట్టీ రద్దు చేసింది. ఆమె దాన్ని ఊడదీసి చెత్తబుట్టలో పడేసింది.

"మీ ఉజ్జోగం పోద్దేమో డాక్టరమ్మా," అంది నూకాలు, కళ్ళు తుడుచుకుంటూ.

"పోతే పోనీ. నువ్వు ఆ సీసా ఖాళీ అవుతుందేమో చూస్తూ ఉండు."

పన్నెండున్నర దాటాక నాడి నెమ్మదించింది. ఆక్సిజన్ ఎనభై ఆరుకి వచ్చి నిలబడింది. పైడి కళ్ళు తెరిచింది.

"అమ్మా, ఒంటికెళ్ళాల."

నూకాలుకి ఏం చెయ్యాలో తోచలేదు. హైమ పకపకా నవ్వేసింది. మూడు రోజుల తర్వాత పిల్లకి ఒంటికి వస్తోందంటే ఒంట్లో నీరు నిలిచినట్టే.

"రోగి మెరుగుపడింది," అంది నిర్ణేత. "బ్రేకు తీసి బదిలీ పూర్తి చేస్తే మీ తప్పు నమోదు కాదు. పట్టీ తిరిగి ఇవ్వబడుతుంది."

హైమ బ్రేకు వైపు చూసింది. ఇప్పుడు తీస్తే పాత పత్రం మూతపడుతుంది. మళ్ళీ ఎప్పుడో జ్వరమొచ్చి పైడి ఇదే ఆస్పత్రికి వస్తుంది, ఆ రోజు గుమ్మంలో ఎవరూ ఉండరు.

"బదిలీ లేదు. ఈమె ఇక్కడే ఉంటుంది. రెండు పత్రాలూ తెరిచే ఉంచు."

"అటువంటి విభాగం లేదు."

"ఇప్పట్నుంచి ఉంది."

బూడిదవైపు నడవాలోంచి చక్రాలు కీచుమన్నాయి. తవిటినాయుడు ఒక మంచాన్ని స్వయంగా తోసుకుంటూ వస్తున్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. మంచం మీద ఇరవై మూడేళ్ళ యువకుడు, ఎముకల గూడులా ఉన్నాడు.

"చిన్నప్పట్నుంచి ఉన్న జబ్బే," అన్నాడాయన, హైమ మొహంలోకి చూడకుండా. "ఐదేళ్ళుగా అది చెప్పిన మందే ఇస్తన్నాను. తగ్గట్లేదమ్మా. నాకు తెలీడం లేదు."

గుమ్మం రెండు మంచాలు పట్టేంత వెడల్పుంది. నూకాలు లేచి పక్కకి జరిగింది. తవిటినాయుడు ముందు చక్రాలను గుమ్మం మీదికెక్కించి తనే బ్రేకు తొక్కాడు. ఎప్పుడూ వెనక్కి రాని మంచం వెనక్కి వచ్చేసరికి, ఐదేళ్ళ కింద మూతపడిన ఆకుపచ్చ పత్రం గోడ మీద తెరుచుకుంది.

నిర్ణేత ఆ పత్రం పక్కనే బూడిద పత్రాన్నీ తెరిచి ఉంచింది. తర్వాత అడిగింది: "ఈ విభాగానికి పేరు?"

"అది తర్వాత చూద్దాం," అంటూ హైమ ఆ యువకుడి చెయ్యి అందుకుంది. "ముందు ఇతన్ని చూడనియ్యి."