పూజగదిలో మాయమైన సంతకాలు

డాక్టర్ సూర్యప్రకాశ్ పేరు వింటే వీరభద్రానికి ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది. పదమూడేళ్ళ కిందట, "ఊళ్ళో పొలం గొడవ నీకెందుకోయ్, నీ తరఫున నేను చూసుకుంటాగా" అంటూ ఆ పెద్దమనిషి ఒక పవర్ ఆఫ్ అటార్నీ కాగితం ముందు పెట్టాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసి, పరాయి దేశమొచ్చి ప్లేనో ఊళ్ళో హోటల్ వంటవాడిగా చెమటోడుస్తున్నవాడు ఆ ఇంగ్లీషు ఏం చదువుతాడు? వేలితో చూపించినచోటల్లా సంతకం పెట్టాడు. పొలం పోయింది. డాక్టరుగారు తెలుగు సంఘానికి మూడోసారి అధ్యక్షుడయ్యాడు. ఆనాటి నుంచి వీరభద్రం తప్పనిసరైతే తప్ప ఏ కాగితం మీదా పెన్ను పెట్టలేదు.

ఇప్పుడతను ప్రైవేట్ డిటెక్టివ్ కృతి దగ్గర డ్రైవరు, సహాయకుడు. ఆమె పుట్టింది ఇక్కడే. ఇన్సూరెన్స్ కంపెనీలో ఎనిమిదేళ్ళు దొంగ క్లెయిములు పట్టి, తర్వాత సొంత ఆఫీసు పెట్టుకుంది. తెలుగు తడబడుతుంది గాని బుర్ర తడబడదు. చదువుకున్నవాళ్ళలో వీరభద్రం మెచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

జూన్ నెలలో ఒక గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి వసంతలక్ష్మి ఆ ఆఫీసులోకి దూసుకొచ్చింది. కాళ్ళకి ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులే ఉన్నాయి. ఆమె పక్క ఊళ్ళో స్కూల్ బోర్డు మెంబరు. నాలుగు ఎలిమెంటరీ స్కూళ్ళు మూసేస్తామని మిగతా ఆరుగురూ చేతులెత్తితే, ఎత్తకుండా కూర్చున్నది ఆవిడే. స్కూళ్ళకి డబ్బు రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో ఆగిపోతోంది కాబట్టి ఆస్టిన్‌కే వెళ్తానని రాష్ట్ర అసెంబ్లీకి నిలబడింది. మొదటిసారి మూడువందల పద్దెనిమిది ఓట్లతో ఓడిపోయింది. ఈసారి ఏ పార్టీ లేకుండా నిలబడుతోంది.

"ఫైల్ పోయింది కృతీ! పార్టీ లేనివాళ్ళకి ఐదువందలమంది ఓటర్ల సంతకాలు కావాలి. ఏడువందల పన్నెండు తెచ్చాం. ఒరిజినల్స్ అన్నీ ఆ పచ్చ ఫైల్‌లోనే ఉన్నాయి. సాయంత్రం ఐదుకల్లా ఆస్టిన్‌లో ఇవ్వాలి."

"నాలుగు గంటల డ్రైవ్," అన్నాడు వీరభద్రం. "పన్నెండుకి బయల్దేరకపోతే అంతే సంగతులు."

"ఇంట్లో ఎవరు ఉన్నారు?" అంది కృతి.

"మా ఆయన ఆఫీసు పని మీద సన్నీవేల్ వెళ్ళారు. పొద్దున ఏడింటికి ముగ్గురొచ్చారు. మా క్యాంపెయిన్ మేనేజర్ చరిత, కమిటీ ట్రెజరర్ డాక్టర్ సూర్యప్రకాశ్‌గారు, ఆయన భార్య జానకీదేవిగారు."

వీరభద్రం కారు తాళాలు గట్టిగా గలగలలాడించాడు. "ఇంకేం వెతుకుతావు కృతమ్మా? దొంగ పేరు చెప్పేసిందిగా."

"అంకుల్, మీ కోపం ఎవిడెన్స్ కాదు. పదండి."

వసంతలక్ష్మి ఇంట్లో పూజగది అంటే మెట్ల కింద చిన్న అల్మారా, దాని ముందు రాతి పలక. రాత్రి అక్కడ ఫైల్ పెట్టి దీపం వెలిగించాననీ, ఇంకేమీ ముట్టుకోలేదనీ ఆమె చెప్పింది. కృతి వంగి చూసింది. పసుపు గిన్నెలో పసుపు తడిగా ఉంది. పలక మీద రెండు పసుపు చుక్కలు, వాటి మధ్య ఒక కాగితం వెడల్పంత దూరం. ఆమె దాన్ని జానతో కొలిచింది.

ముందు చరితని అడిగింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"ఏడుంపావుకి నేనూ వసంత ఆంటీ డాక్టర్ అంకులూ బయట లాన్‌లో ఫొటోలు దిగాం. లోపలికొచ్చి చూస్తే ఫైల్ లేదు." గొంతు తగ్గించింది. "డాక్టర్ అంకుల్ లాస్ట్ వీక్ అవతలి క్యాండిడేట్‌తో కాఫీ తాగారు. నేను చూశాను."

సూర్యప్రకాశ్ సోఫాలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. "నేను అందరితోనూ కాఫీ తాగుతానమ్మాయ్. ఈ ఫైల్‌లో రెండువందల ఇరవైమూడు సంతకాలు నేను తెచ్చినవే. సంఘం పిక్నిక్‌లో, ఒక్క గంటలో! నా కష్టం నేనే దొంగిలించుకుంటానా?" వీరభద్రాన్ని చూసి నవ్వాడు. "ఏమోయ్, డిటెక్టివ్ వేషం కూడా కట్టావా?"

"కట్టాల్సొచ్చింది డాక్టరుగారూ. వంట మానేశాక పొలం చేసుకుందామంటే పొలం లేదుగా."

"పూజ రూమ్‌కి వెళ్ళారా అంకుల్?" అని కృతి అడ్డుకుంది.

"నాకా పసుపు కుంకాల పిచ్చి లేదు. ఆవిణ్ణి అడుగు."

జానకీదేవి కిటికీ పక్క కుర్చీలో ఉంది. డెబ్భై దాటిన సన్నని మనిషి. పులిహోర తెచ్చిన హాట్‌ప్యాక్ సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను వంటింట్లోనే ఉన్నానమ్మా," అంది. "అటు వెళ్ళలేదు."

"పులిహోర ఇక్కడ కలిపారా?"

"లేదు. ఇంట్లోనే, స్పూనుతో కలిపి తెచ్చాను."

ఆమె కుడిచేతి ఉంగరం వేలి కొన పసుపచ్చగా ఉంది. వీరభద్రానికీ కనిపించింది. వంట చేసిన చెయ్యి అంతేగా అనుకున్నాడు.

కృతి చరిత ఫోన్ తీసుకుంది. లెక్క కోసం రాత్రి తీసిన సంతకాల పేజీల ఫొటోలు అందులో ఉన్నాయి. ఒక పేజీ దగ్గర ఆగి, పెద్దది చేసి చూసి, అందర్నీ హాల్లోకి పిలిచింది. అప్పటికి పది.

"ఫైల్ ఈ రూమ్‌లోనే ఉంది. ఒక్క పేపర్ కూడా చిరగలేదు," అంది.

"ఎలా తెలుసు?" అన్నాడు సూర్యప్రకాశ్.

"పసుపు వల్ల అంకుల్. మన వాళ్ళు పెళ్ళికార్డుకి, మంచి పని పేపర్లకి మూలల్లో పసుపు పెడతారు. పలక మీద చుక్కలు పేపర్ మూలల నుంచి పడినవి. ఫైల్ తీసిన మనిషి ముందు దానికి పసుపు పెట్టారు. గెలవాలని పసుపు పెట్టి, అదే నిమిషంలో దాచేశారు. మధ్యలో ఏదో చూశారు. చరితకి ఈ అలవాటు తెలీదు. మీకు నమ్మకం లేదు. వసంత ఆంటీ పెట్టి ఉంటే నాకు చెప్పేవారు. పైగా మీరు ముగ్గురూ లాన్‌లో ఉన్నారు." కృతి కిటికీ వైపు తిరిగింది. "ఆంటీ, పులిహోర స్పూన్‌తో కలిపారు. ఉంగరం వేలికి పసుపెక్కడిది? పులిహోర తీసేసిన సంచిని ఇంతసేపు ఒళ్ళోంచి ఎందుకు దించలేదు?"

జానకీదేవి సంచి తెరిచింది. శుభ్రమైన తువ్వాలులో చుట్టి, పచ్చ ఫైల్!

"జానకీ!" అరిచాడు సూర్యప్రకాశ్. "నీకు మతి పోయిందా?"

"ఇప్పుడే వచ్చింది," అందావిడ. "నలభై ఆరేళ్ళు ఈయన నా తరఫున మాట్లాడారు. బ్యాంకులో, ఆస్పత్రిలో, పిల్లల పెళ్ళి చూపుల్లో. పోనీ అనుకున్నాను. వసంతకి నేనే సంతకం పెడతానని పిక్నిక్‌లో అడిగాను. 'నేను పెట్టేస్తాలే, నువ్వు వడ్డన చూడు' అన్నారు. మాటవరసకి అన్నారనుకున్నాను. ఇవాళ పసుపు పెడుతూ పేజీ తిప్పితే నా పేరు పక్కన ఆయన చేతిరాత. కిందంతా అంతే, మొగుడి చేత్తోనే పెళ్ళాం సంతకం!"

"ఇంట్లో ఒకరు పెడితే అందరూ పెట్టినట్టే. ఇదేం కొత్తా?"

"ఇక్కడ అది క్రైమ్ అంకుల్," అంది కృతి. "ఒక్క గంటలో అన్ని సంతకాలు ఎలా వచ్చాయో అప్పుడే డౌట్ వచ్చింది. 'అందరూ తమ చేత్తో నా ముందే పెట్టారు' అని ఆ పేజీల కింద మీరు ప్రమాణం కూడా చేశారు. ఇవి ఫైల్ అయి ఉంటే అవతలివాళ్ళు ఒక్క ఫోన్ చేస్తే చాలు, వసంత ఆంటీ బోర్డు సీట్ కూడా పోయేది."

వసంతలక్ష్మి మెల్లగా అడిగింది, "నాతో చెప్పొచ్చుగా పిన్నిగారూ?"

"ఈయన గొంతు ముందు నా గొంతు ఎవరికి వినిపిస్తుంది? కాగితాలు పోతే అందరూ ఆగుతారనుకున్నాను. ఆగారుగా!"

దొంగ డాక్టరే అవ్వాలని వీరభద్రం పొద్దుట్నుంచీ కోరుకున్నాడు. ఇప్పుడా ముసలమ్మకి దణ్ణం పెట్టాలనిపించింది.

వసంతలక్ష్మి డాక్టర్ తెచ్చిన పేజీలన్నీ ఊడదీసి బల్ల మీద పడేసింది. "మిగిలినవి నాలుగువందల ఎనభై తొమ్మిది. డాక్టరుగారూ, మీరిక నా కమిటీలో లేరు."

"తెలుగు ఓటు ఒక్కటి పడదు నీకు!"

"పడకపోతే పోనీండి. పడినవి మాత్రం ఎవరివి వాళ్ళవే."

ఆయన కారు తాళం తీసుకుని, "జానకీ, నడు," అన్నాడు. ఆవిడ కదల్లేదు. చరిత ఇచ్చిన కొత్త కాగితం మీద నిదానంగా తన పేరు రాసి సంతకం పెట్టింది. తర్వాత ఫోన్ తీసి, లలితా సహస్రనామం గ్రూపులో ఒకరి తర్వాత ఒకర్ని పిలిచింది. "మీ ఆయన నీ సంతకం పెట్టేశాడే. వచ్చి నీది నువ్వు పెట్టుకో."

పదకొండున్నర లోపల పదహారుమంది దిగారు. ఒకావిడ జుట్టుకి హెన్నాతోనే వచ్చింది. జానకీదేవితో కలిపి మొత్తం ఐదువందల ఆరు.

అప్పుడు వీరభద్రం పెన్ను కోసం చెయ్యి చాపాడు.

"మీరు అక్కర్లేదు అంకుల్, నంబర్ దాటేశాం," అంది చరిత.

"అక్కర్లేదని చెప్పడానికి నువ్వెవరమ్మాయ్? నేనూ ఈ నియోజకవర్గంలో ఓటర్నే." కాగితం పైనున్న ఇంగ్లీషు మొత్తం కూడబలుక్కుంటూ, తెలియని మాట దగ్గర కృతిని అడుగుతూ చదివాడు. ఆరు నిమిషాలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. చదివాకే సంతకం పెట్టాడు.

ఆ కొత్త సంతకాలన్నీ తన ముందే పెట్టారని చరిత ప్రమాణం చేస్తే, నోటరీ కూడా అయిన కృతి దాన్ని ధ్రువీకరించింది. ఆస్టిన్‌లో గుమస్తా ఫైల్ మీద ముద్ర కొట్టేసరికి నాలుగూ నలభై. మూలల్లో పసుపు చూసి ఆమె కళ్ళెగరేసింది. మెట్లు దిగుతూ వసంతలక్ష్మి వీరభద్రం పక్కకి వచ్చింది.

"డాక్టరుగారు మీ పొలం అమ్మేశారని విన్నాను. ఎంత పోయిందండీ మీకు?"

పదమూడేళ్ళలో ఆ మాట అతన్ని అడిగినవాళ్ళు లేరు. వీరభద్రం ఆగి, ఆమె మొహంలోకి సూటిగా చూశాడు.

"చల్లపల్లి దగ్గర, మాగాణి. ఎకరం పదిహేడు సెంట్లు."