ఎడమకు తిరిగిన గాజు

ఓర్‌హుల్ట్‌లో గాజు కార్ఖానా మూతపడి ముప్ఫై ఏళ్లు దాటింది. చిమ్నీ ఒక్కటి మిగిలింది, దాని పక్కన ఊరివాళ్లు పెట్టుకున్న చిన్న మ్యూజియం. వేసవిలో బస్సుల్లో వచ్చేవాళ్లకి దాన్ని తిప్పి చూపించేది మైలిస్. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. కార్ఖానాలో పనిచేసి ఇంకా మతి సరిగ్గా ఉన్నది తనొక్కతేనని ఆమే చెప్పుకుంటుంది. ఫోల్కె ఆడెల్ అనే పెద్ద కళాకారుడు ఈ కొలిమి పక్కన నిలబడి ఏం గీశాడో, ఏం తిన్నాడో, ఎవరిని తిట్టాడో అన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంది. వచ్చినవాళ్లు నోళ్లు తెరుచుకుని వింటారు. తన తండ్రి ఆల్గొట్ నలభై ఏళ్లు అదే కొలిమి ముందు గాజు ఊదాడన్న సంగతి మాత్రం చెప్పదు. ఎవరూ అడగలేదు కూడా.

జనవరి నెలలో ఒకరోజు, మధ్యాహ్నం రెండింటికే పొద్దు వాలిపోతున్న వేళ, స్టాక్‌హోమ్ నుంచి పెట్రా అనే ఆవిడ కారులో వచ్చింది. అక్కడి పెద్ద మ్యూజియంలో గాజు సామాను చూసుకునే మనిషి. వంటింట్లో కూర్చుని రెండు కప్పుల కాఫీ తాగి, యాలకుల బన్ను తిని, వాతావరణాన్ని కాసేపు తిట్టుకున్నాక పెట్టె విప్పింది.

లోపల ఒక పూలకూజా. జానెడున్నర ఎత్తు, పొగరంగు. గాజు మందంలో సన్నటి గాలిబుడగలు దారంలా మెలికలు తిరుగుతూ మూతి దాకా పాకాయి.

ఆడెల్ పేరు దేశమంతా మోగించిన మెలిక కూజాల్లో ఇదే మొట్టమొదటిదై ఉంటుందని పెట్రా చెప్పింది. అడుగున సంతకం ఉంది, రంగూ కాలమూ సరిపోయాయి. చిక్కల్లా ఒక్కటే. మిగతా కూజాలన్నింటిలో మెలిక కుడికి తిరిగితే దీంట్లో ఎడమకు తిరిగింది. నకిలీ అని కొందరు, కాదని కొందరు ఏడాదిగా జుట్లు పట్టుకుంటున్నారట.

"ఎవరు చేశారో చెప్పగలిగేది ఇక మీరొక్కరే మైలిస్. అసలుదైతే వసంతంలో ప్రదర్శన మొత్తానికి ఇదే ముఖం. కాకపోతే నేలమాళిగలో పడేస్తాం. మీరు నిదానంగా చూడండి, వెలుతురు పోయేలోపు నేను చిమ్నీని నాలుగు ఫొటోలు తీసుకొస్తాను."

పెట్రా వెళ్లింది. తలుపు మూసుకుంది. మైలిస్ కళ్లద్దాలు తుడుచుకుని కూజాని తలకిందులు చేసింది.

అడుగున వజ్రపు ముల్లుతో గీసిన అక్షరాలు. ఫోల్కె ఆడెల్. గుండ్రంగా, ఒద్దికగా, ఒక్క వంకర లేకుండా.

ఆ రాత ఆమెదే.

పదిహేనేళ్లప్పుడు మైలిస్ కార్ఖానాలో చేరింది, పేర్లు చెక్కే గదిలో. కళాకారుల సంతకాలు కళాకారులు చేయరు, ఆ గదిలో ఆడపిల్లలు చేస్తారు. చేరిన మూడో వారం మేనేజరు ఒక పొగరంగు కూజా తెచ్చి బల్లమీద పెట్టి, ఆడెల్ గారి పేరు రాయి అన్నాడు. చూడగానే మైలిస్‌కి తెలిసింది. ఊదుగొట్టాన్ని అందరూ ఒకవైపు తిప్పితే పొడుగాటి మనిషి, ఎడమచేతివాటం ఆల్గొట్ రెండోవైపు తిప్పేవాడు. మనం చుట్టింది వీడు విప్పేస్తున్నాడ్రా అని తోటివాళ్లు ఆటపట్టించేవారు. అది నాన్న చేసిన కూజా. భోజన విరామంలో, కొలిమిలో మిగిలిన గాజుతో, చర్చిలో కూతురికి జరిగే కన్ఫర్మేషన్ వేడుకకి కానుకగా చేసింది. చల్లారేందుకు పెడితే ఆడెల్ కంట్లో పడింది.

మైలిస్ ముల్లు తీసుకుంది. రాసింది.

ఆ సాయంత్రం ఆల్గొట్ ఇంటికొచ్చి, కొలిమి బూడిద మీద కాల్చి తెచ్చుకున్న చేప తింటూ, తల ఎత్తకుండా ఒక్క మాటన్నాడు.

"నీ చేతిరాత బాగుందే చిన్నీ."

అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు. తర్వాత ఇరవై ఏళ్లు ఆడెల్ కాగితం మీద గీసినట్టే కుడికి మెలికలు తిరిగే కూజాలు మిగతావాళ్లు ఊదారు. ఆల్గొట్‌కి మందుసీసాలు ఊదే పని ఇచ్చారు. చివరి చలికాలం ఊపిరందక ఈ ఇంట్లోనే కిటికీ పక్కన కూర్చుని పోయాడు. ఊరి మ్యూజియం గోడమీద గాజు ఊదినవాళ్ల పేర్లు నలభై ఉన్నాయి, అతని పేరు లేదు. ఆ పట్టిక రాసింది మైలిసే. నాన్న పేరు రాస్తే కూజా సంగతి బయటికొస్తుందని భయపడింది. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకేముంటుంది.

ఆమె కూజాని నిలబెట్టింది.

అప్పుడు చూసింది. గాజు మీద ఆవిరి పట్టింది. కారులో చల్లబడి వచ్చిన వస్తువు కదా అనుకుని గుడ్డతో తుడిచింది. పోలేదు. ఆవిరి పైన లేదు.

లోపల ఉంది.

చూస్తుండగానే పలచబడి పోయింది. గాజు తేటపడింది. కాసేపటికి మళ్లీ అడుగునుంచి మూతి దాకా మసకేసింది. మళ్లీ పోయింది... మళ్లీ వచ్చింది...

ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు.

వంటింట్లో బన్నుల వాసన పోయి ఇంకేదో వాసన కమ్ముకుంది. కాలిన తడి కాగితం వాసన. ఎర్రగా మండే గాజుని తడికాగితం అరచేతిలో పెట్టుకుని గుండ్రం చేస్తారు. ఆల్గొట్ కోటుకి జీవితమంతా ఆ వాసనే ఉండేది. మైలిస్ లేవబోయింది.

కూజా మూతి సరిగ్గా ఆమె ముఖం ఎత్తులో ఉంది.

"చిన్నీ..."

నాన్న పోయాక ఆ పేరుతో ఎవరూ పిలవలేదు.

"ఎవరిదే ఇది..."

తలుపు తెరుచుకుంది. పెట్రా బూట్లకంటిన మంచు దులుపుకుంటూ లోపలికొచ్చింది. వాసన లేదు. గాజు తేటగా ఉంది. మీ ముఖమేంటి అలా పాలిపోయింది అని పెట్రా అడిగితే, వయసండీ అని మైలిస్ నవ్వడానికి ప్రయత్నించింది.

పెట్రా ధ్రువీకరణ కాగితం తీసి ఎదుట పెట్టింది. పెన్ను మూత తీస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ఒక్కటే అడుగుతాను. మీ కార్ఖానాలో ఎడమచేతివాటం ఊదేవాడు ఎవరైనా ఉండేవాడా?"

నోటిదాకా వచ్చింది. మా నాన్న అనే రెండు మాటలు. అవి అంటే వెనకాలే మిగతావన్నీ అడుగుతారు. సంతకం ఎవరిది, పట్టికలో పేరు ఎందుకు లేదు, ఇన్నేళ్లు బస్సులవాళ్లకి చెప్పిన కథలేంటి. మైలిస్ కూజా వంక చూసింది. లోపల అడుగున, రూపాయంత మేర, మసక పట్టి ఆగి ఉంది. వింటున్నట్టుంది.

"లేదు," అంది మైలిస్. "అలాంటివాడెవడూ లేడు. ఇది ఆడెల్‌దే."

సంతకం పెట్టింది. ఆ మసక ఠక్కున మాయమైంది.

పెట్రా సంబరంగా కూజాని పెట్టెలో సర్దుకుని, కారు ముందు సీట్లో పెట్టి బెల్టు బిగించి, వీడ్కోలు చెప్పడానికి మళ్లీ గుమ్మం దగ్గరికొచ్చింది. బయట చలి కరిచేస్తోంది. మాట్లాడుతుంటే పెట్రా నోటినుంచి పొగలు పొగలుగా ఊపిరి లేస్తోంది. మైలిస్ కూడా ఏదో అనబోయింది. తన నోటినుంచి ఏమీ లేవలేదు. నోరు గుండ్రంగా చేసి గట్టిగా ఊదింది. గాలి ఖాళీగా ఉంది.

పెట్రా భుజం మీదుగా కారు కనిపించింది. అందులో మనిషి లేడు. అద్దాలకి లోపల్నుంచి ఆవిరి పడుతోంది... పోతోంది... పడుతోంది...

మైలిస్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. పెట్రా ఇంజను వేసేసరికి తేరుకుని మెట్లు దిగి పరిగెత్తింది. చెప్పేద్దామనుకుంది. ఎడమచేతివాటం మనిషి ఉన్నాడు, మా నాన్న, ఆల్గొట్, అది నాకోసం చేశాడు. పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు. మాటని మోయడానికి లోపల ఊపిరే లేదు. అద్దంలో ముసలావిడ చేయి ఊపడం చూసి పెట్రా తనూ చేయి ఊపి మలుపు తిరిగిపోయింది.

ఇంట్లోకొచ్చి ఫోను తీసింది. అవతల పెట్రా హలో, హలో అని పెట్టేసింది. మైలిస్ సొరుగులన్నీ లాగి కాగితం కోసం వెతికింది. చేతికి పాత వజ్రపు ముల్లు తగిలింది. చాలు. రేపు ఎవరైనా వస్తారు, చదువుతారు. కిటికీ అద్దం మీద, తండ్రి కూర్చున్నచోట నిలబడి, గాజు కీచుమంటుండగా గీసింది. కూజా చేసినవాడి పేరు, ఒక్కో అక్షరం మనసులో పలుక్కుంటూ, ఆల్గొట్ అని రాసింది.

వెనక్కి జరిగి చూసింది.

ఫోల్కె ఆడెల్.

గుండ్రంగా, ఒద్దికగా, ఒక్క వంకర లేకుండా.

ముల్లు చేతిలోంచి జారిపోయింది. బయట చీకటి పడింది, వాకిట్లో ఎవరూ లేరు, మంచు మీద కారు చక్రాల గుర్తులూ, పెట్రావీ తనవీ అడుగులూ తప్ప కొత్తవేవీ లేవు. అయినా అద్దానికి అవతలివైపు, సరిగ్గా ఆ అక్షరాల దగ్గర, ఆవిరి పట్టింది. పలచబడింది. మళ్లీ పట్టింది... పొడుగాటి మనిషెవరో కాస్త వంగి, రాత ఎలా ఉందో చూస్తున్నట్టు.