ఓస్లోలో ఆగిన పియానో

"ఈ పాట కట్టింది మీరేనా మాస్టారూ?"

ఇటలీలోని ట్రియెస్తె ఊళ్లో జోరు వాన. తడిసిన గొడుగు తీసుకొచ్చి నా పియానో మీదే పెట్టి మరీ అడిగిందామె.

"నేనే. ముందు ఆ గొడుగు తీయండి."

"రెండో చరణంలో ఊపిరి తీసుకునే సందే లేదు. పాడేది మనిషండీ, అకార్డియన్ కాదు!"

"మంచి గాయని అయితే సందు దొరుకుతుంది."

"మంచి పాట అయితే వెతుక్కోనక్కర్లేదు."

ఆమె పేరు మిరెల్లా. ఆ సాయంత్రమే చరణం మార్చేశాను. ఏడాది తిరక్కుండా ఆమె వేలికి నిశ్చితార్థం ఉంగరం తొడిగాను. ఆదివారం భోజనం వాళ్లింట్లోనే. వాళ్లమ్మ ఇరేనే, నా గిన్నెలో ఇంకో గరిటె చిక్కుడు సూప్ పోస్తూ, "తిను ఎలియో, ఈదురుగాలికి ఎగిరిపోయేలా ఉన్నావు" అనేది.

చలికాలంలో ఆవిడ మంచం పట్టింది. నేనేమో ఆ పాట రికార్డింగుకని మిలాన్‌లో ఉన్నాను. 'ఆదివారం వస్తా' అని మిరెల్లాకి ఫోన్‌లో చెప్పాను. వెళ్లలేదు. మళ్లీ ఆదివారం అన్నాను. నేను వెళ్లేసరికి సమాధి మీద పూలు కూడా వాడిపోయాయి.

మిరెల్లా తిట్టలేదు. ఉంగరం తీసి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే, దేశదేశాల పాటల పోటీకి ఇటలీ తరఫున మా పాటనే ఎంపిక చేశారు. ఓస్లోలో పోటీ. ఆమె పాడాలి, నేను వాయించాలి. ఇద్దరం ముందే సంతకాలు పెట్టేశాం. విమానంలో పక్కపక్కనే సీట్లు. తను దారంతా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

రిహార్సల్‌లో డైరెక్టర్ అన్నాడు. "'వెళ్లకు' అన్న మాట దగ్గర పియానో వైపు చూడమ్మా."

"తప్పదా?" అంది.

పోటీలో ఆ మాట దగ్గర చూసింది. నా వేళ్లు ఆగిపోయాయి. హాలంతా ఆమె గొంతొక్కటే. పాటే అంత అనుకున్నారు జనం, లేచి చప్పట్లు కొట్టారు.

తెర వెనక్కి రాగానే నిలదీసింది. "ఎందుకాపావ్?"

"నువ్వు చూశావుగా."

"చూడమన్నారు, చూశాను."

"మిరెల్లా... మిలాన్‌లో రికార్డింగు మొదటి వారంలోనే అయిపోయింది."

"మరి?"

"భయమేసింది. మీ అమ్మని అలా చూడలేననిపించింది. స్టేషన్ దాకా వెళ్లేవాణ్ణి. రైలెక్కలేక తిరిగొచ్చేవాణ్ణి."



"నాకూ భయమేసింది ఎలియో. రోజూ. ఒక్కదాన్నే." కళ్లు తుడుచుకుంది. "ఈ ముక్క అప్పుడే చెప్పుంటే తిట్టేదాన్ని. తిట్టి, నీతోనే ఉండిపోయేదాన్ని."

"ఇప్పుడు తిట్టు."

"తిట్టాలనిపించట్లేదు. అదే బాధ."

ఫలితాలొచ్చాయి. నాలుగో స్థానం. ఫోటోకి పిలిచారు. నా బో టై సరిచేసి, "నవ్వాలట" అంది. నవ్వాం.

మరుసటేడు మిరెల్లా ఉడినే అనే ఊళ్లో ఓ పశువుల డాక్టర్ని పెళ్లి చేసుకుందని విన్నాను.

ఆ ఫోటో ఇప్పటికీ మా గోడ మీదుంది. పియానో నేర్చుకోవడానికొచ్చే అమ్మాయిలు చూసి, "ఈవిడ మీ ఆవిడా?" అంటారు.

"కాదమ్మా," అంటాను, "మాకు నాలుగో స్థానమే వచ్చింది."