ఫొటో దుప్పటి

"ఏమండీ ఫొటోగ్రాఫరు గారూ, నేను మీ కంటికి దిక్కులేనిదానిలా కనిపించానా?"

స్టూడియో గుమ్మంలో ఒక తడిసిన గొడుగు. దాని కింద మెడలో టేపు, ఆ టేపుకి పైన మండిపోతున్న రెండు కళ్ళు. పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తున్న కుర్రాడు కంగారులో ఒక పెద్దమనిషి చెవి కత్తిరించేశాడు.

ఆమె టైలరమ్మ కూతురు. డిగ్రీ అయిపోయి రెండేళ్ళుగా అమ్మతో పాటు షాపులోనే కుడుతోంది. కొలతల టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది కాబట్టి వీధంతా ఆమెని టేపు అనే పిలుస్తుంది. ఆ ఫొటోగ్రాఫరు కుర్రాణ్ణేమో స్మైలు అంటారు. ఏడుస్తున్న పసిపిల్లల్నీ, పంటినొప్పితో వచ్చినవాళ్ళనీ కూడా "స్మైల్ ప్లీజ్" అనకుండా వదలడు మరి.

ఇద్దరి మధ్యా గొడవ పెట్టింది ఒక ఎర్ర దుప్పటి.

వీధి చివర రేకుల కప్పు వేసిన చిన్న చర్చి ఉంది. అరవై మంది వస్తే కుర్చీలు చాలవు. ఆ చర్చికి ఒక సేవా విభాగం, ఆ విభాగానికి ఏడుగురు సభ్యులు. ఏడుగురికీ ఏడు పదవులు. పని చేసే మనిషి మాత్రం ఒక్కరే, పాస్టరు గారి భార్య. ఆవిడకి పదవి లేదు.

ప్రతి శనివారం అవసరంలో ఉన్నవాళ్ళకి దుప్పట్లు పంచుతారు. ముందు స్మైలు తీసే ఫొటో, తర్వాత దుప్పటి. అది రూలు. చిక్కేమిటంటే పంచే దుప్పట్లు మరీ పల్చన. ఫ్లాష్ పడితే అవతల గోడ మీది బైబిలు వాక్యం అక్షరం పొల్లుపోకుండా చదవొచ్చు. అందుకని ప్రెసిడెంటు గారు బాగా ఆలోచించి ఒకే ఒక్క మందపాటి ఎర్ర దుప్పటి కొనిపించారు. లైనులో వచ్చినవాళ్ళు దాన్ని అందుకుని ఫొటో దిగుతారు. నాలుగడుగులు వేసి వెనక టేబుల్ దగ్గర తిరిగిచ్చేసి, పల్చటిది తీసుకుని వెళ్తారు. రెండేళ్ళలో ఆ ఎర్ర దుప్పటిని కనీసం మూడు వందల మందికి దానం చేశారు. అది చర్చి గడప దాటింది లేదు.

ప్రెసిడెంటు గారు ఎప్పుడూ ఎడమ మూలే పట్టుకోవడంతో ఆ అంచు కాస్తా చిరిగింది. పోయిన శనివారం పంపకం అయిపోయాక, కుట్టిపెట్టమని టేపుని పిలిపించారు.

"ఇదిగోమ్మా, ఈ అంచు చూడు" అంటూ ఆయన దుప్పటి చాపాడు. ఆమె రెండు చేతులా అందుకుంది. చేతిలో దుప్పటి, ఎదురుగా మనిషి. ఆయన మొహం దానంతటదే కెమెరా వైపు తిరిగి నవ్వింది. స్మైలు వేలు కూడా దానంతటదే నొక్కేసింది. రెండేళ్ళ అలవాటు.

సోమవారం పొద్దున్న చర్చి గోడకి ఆరడుగుల ఫ్లెక్సీ వేలాడింది. దాని నిండా టేపు మొహం. కింద ఇలా రాసి ఉంది: "ఆదుకున్న చేతులు, ఆనందించిన కళ్ళు."

"స్కూలు యూనిఫాంలు ఎనభై జతలు మా అమ్మకే ఇస్తామన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు" అంది టేపు. కోపం కొద్దిగా జారింది. "నిన్న ఆ ఫ్లెక్సీ చూశారట. 'ముందు మీ పరిస్థితి కుదుటపడనివ్వండి' అని కబురు పంపారు. కబురుతో పాటు ఒక సంచెడు పాత బట్టలు! పందొమ్మిదేళ్ళుగా మిషను తొక్కుతోంది మా అమ్మ. ఎవరి దగ్గరా ఊరికే దారప్పోగు కూడా తీసుకోలేదు. పొద్దుటి నుంచి షాపు ఒక తలుపే తీసి, దాని వెనక కూర్చుంది."

స్మైలు మొహంలో స్మైలు పోయింది.

"ఆ ఫొటో నేను ఎంచలేదండీ. కెమెరా కార్డు మొత్తం ఇచ్చేశాను. ప్రెసిడెంటు గారే ఎంచారు."

"అంతమందిలో నాదే ఎందుకట?"

"మిగతావాళ్ళు ఎవరూ నవ్వలేదట."

"నేను నవ్వింది ఆ చిరుగు చూసి! దుప్పటిని ఇంతలా పీకి పెట్టిన మహానుభావుడెవరా అని!"

"అయినా మీరు చాలా బాగా పడ్డారండీ."

ఆమె చూసిన చూపుకి అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అంటే... లైటు బాగా పడింది."

"లైటు సంగతి తర్వాత. పదండి, ఆయన దగ్గరికి."

వాన మళ్ళీ మొదలైంది. స్మైలుకి గొడుగు లేదు. ఆమె గొడుగు సగం ఇచ్చింది, కానీ మొహం అటు తిప్పుకునే నడిచింది. అతని ఎడమ భుజం పూర్తిగా తడిసిపోయింది. కుడి భుజం మాత్రం గొడుగు కింద ఉన్నందుకు తెగ సంతోషపడింది.

ప్రెసిడెంటు గారు తన హార్డ్‌వేర్ షాపులో మేకులు తూస్తున్నారు. అంతా విని తల అడ్డంగా ఊపారు.

"ఫ్లెక్సీ దింపడం కుదరదమ్మా. ఆ ఫొటో దాతలకి పంపేశాం. వాళ్ళు నీ కోసం కన్నీళ్ళతో ప్రార్థన చేస్తున్నారు."

"ప్రార్థన వద్దనడం లేదు సార్. కింద రాసింది మార్చండి."

"మార్చి ఏం రాయమంటావు?"

"దుప్పటి అంచు కుట్టడానికి వచ్చిన అమ్మాయి అని రాయండి."

"అలా రాస్తే దాతలు ఎందుకు ఏడుస్తారమ్మా?" అన్నారాయన, ఎంతో ఓపిగ్గా. "బాధపడకు. నీకు కావాలంటే ఇంకో దుప్పటి ఇప్పిస్తాను."

స్మైలు నోరు తెరిచాడు. టేపు అతని చొక్కా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. "మీరు మాట్లాడకండి. నాకొకటి గుర్తొచ్చింది" అంది. ఏం గుర్తొచ్చిందో చెప్పలేదు. ఆ చొక్కా చెయ్యి వదలడం మాత్రం రెండు షాపులు దాటాకే గుర్తొచ్చింది.

గుర్తొచ్చిందేమిటంటే, ఎర్ర దుప్పటి ఇంకా ఆమె దగ్గరే ఉంది.

గురువారం విభాగం నుంచి ఫోను వచ్చింది. "కుట్టు అయిపోయిందా సిస్టర్?"

"అయిపోయిందండీ. డబుల్ కుట్టు వేశాను."

"అయితే పంపించెయ్యండి."

"వచ్చి తీసుకోమనండి. ప్రెసిడెంటు గారినే."

శనివారం సన్నటి జల్లు. చర్చి ముందు ముప్పై మంది లైను కట్టారు. టేబుల్ మీద పల్చటి దుప్పట్లు సిద్ధంగా ఉన్నాయి. పంపకం మాత్రం మొదలవలేదు.

"ఉన్నవి ఇచ్చేయొచ్చు కదండీ, పాపం తడుస్తున్నారు" అన్నారు పాస్టరు గారి భార్య.

"ఫొటో లేకుండానా!" ప్రెసిడెంటు గారు, వాక్యం లేకుండా ఆరాధన చేద్దామన్నంతగా ఉలిక్కిపడ్డారు.

చివరికి ఆయనే బయలుదేరారు. ఆయన వెనక ఆరుగురు సభ్యులు. వాళ్ళ వెనక కెమెరాతో స్మైలు. పంపకం చోటు మారిందేమో అనుకుని లైను కూడా లైనుగానే కదిలింది. ఏం జరుగుతోందో తెలియక పాస్టరు గారు, ఆయన భార్య చివర్న పరుగెత్తారు.

టైలరు షాపుకి మూడు మెట్లు. పై మెట్టు మీద టేపు నిలబడి ఉంది, చేతుల్లో మడత పెట్టిన ఎర్ర దుప్పటి. కింద వానలో ప్రెసిడెంటు గారు. తలుపు సందులోంచి అమ్మ చూస్తోంది.

"ఇయ్యమ్మా, టైమైపోతోంది" అంటూ ఆయన రెండు చేతులూ చాపారు.

ఆమె దుప్పటి ముందుకు పెట్టింది.

"స్మైల్ ప్లీజ్!" అని వెనక నుంచి ఒక కేక.

ప్రెసిడెంటు గారి మొహం దానంతటదే అటు తిరిగింది. నవ్వింది. ఫ్లాష్ వెలిగింది.

నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే ఆయనకి విషయం అర్థమైంది. ఆయన చేతులు కిందున్నాయి. ఆమెవి పైనున్నాయి.

దుప్పటి ఇంకా ఆమె వదల్లేదు. లైనులో ముందున్న ముసలామెని పిలిచింది. "అవ్వా, ఈ దుప్పటి నీకు ఎన్నిసార్లు ఇచ్చారు?"

"పదకొండుసార్లు తల్లీ" అంది అవ్వ గర్వంగా. "మంచి వెచ్చటి దుప్పటి. ఒక్కసారీ నాతో ఇంటికి రాలేదు."

లైనంతా గొల్లుమంది. పాస్టరు గారు నవ్వలేదు. "ప్రెసిడెంటు గారూ, పన్నెండోసారి ఇంటికి పంపించేద్దామా?" అన్నారు మెల్లగా.

ప్రెసిడెంటు గారు దుప్పటి అందుకుని అవ్వ భుజాల మీద కప్పారు. అలవాటు కొద్దీ ఒకసారి కెమెరా వైపు చూశారు. స్మైలు అప్పటికే లెన్సుకి మూత పెట్టేశాడు.

ఆదివారానికి కొత్త ఫ్లెక్సీ వచ్చింది. పైన టేపు ఇస్తోంది, కింద ప్రెసిడెంటు గారు పుచ్చుకుంటున్నారు. పాస్టరు గారి భార్య చెప్పి రాయించిన మాట: "మా చిరుగు కుట్టిన టైలరు గారికీ, వారి అమ్మాయికీ కృతజ్ఞతలు." ప్రెసిడెంటు గారు మండిపడతారని అందరూ భయపడ్డారు. ఆయన ఆరాధన అయ్యేదాకా దాని ముందు నిలబడి, "నవ్వు బాగా పడిందయ్యా" అని నాలుగు కాపీలు అడిగారు.

సోమవారం స్కూలు నుంచి నీలం గుడ్డ తానులు, ఎనభై మంది పిల్లల కొలతల లిస్టు వచ్చాయి. పాత బట్టల సంచి తిరిగి వెళ్ళింది. అమ్మ షాపు రెండు తలుపులూ బార్లా తీసింది.

ఆ రోజు నుంచి స్మైలు చొక్కా బొత్తాలు ఊడడం మొదలుపెట్టాయి.

"నాలుగు రోజుల్లో తొమ్మిది బొత్తాలు" అంది అమ్మ, మిషను ఆపకుండా. "ఆ చొక్కాకి ఉన్నవే ఏడు."

టేపు సూదిలో దారం ఎక్కించడం మీద చాలా శ్రద్ధ పెట్టింది.

శుక్రవారం మళ్ళీ వాన. స్మైలు వచ్చి కింది మెట్టు దగ్గర, సరిగ్గా ప్రెసిడెంటు గారు నిలబడ్డ చోటే ఆగాడు. గొడుగు లేదు. ఊడిన బొత్తం కూడా లేదు.

"పైకి రండి, తడుస్తారు" అంది టేపు.

"వద్దండీ. అవసరంలో ఉన్నవాళ్ళు ఇక్కడే నిలబడాలి."

"ఏంటంట అవసరం?"

అతను ముందే అనుకుని వచ్చిన మాటలన్నీ వానలో కొట్టుకుపోయాయి. "మీరే" అన్నాడు.

లోపల మిషను ఆగింది.

ఆమె మెడలో టేపుని వేలికి చుట్టుకుంది, విప్పింది. "మా దగ్గర రూలు వేరు" అంది చివరికి. "ముందు ఇవ్వడం. ఫొటో తర్వాత."

"అయితే... ఇచ్చినట్టేనా?"

"ఫొటో పెద్దవాళ్ళ మధ్యలో దిగండి" అని లోపలి నుంచి అమ్మ గొంతు. "అబ్బాయ్, ఆదివారం మీ అమ్మని ఒకసారి రమ్మను. ఈలోగా బొత్తాలు పీక్కోకు, చొక్కా పాడవుతుంది. కొత్తది కుడతాం. కొలతలు తీసుకోవే!"

స్మైలు ఒక్క గెంతులో మూడు మెట్లూ ఎక్కాడు. టేపు తన మెడలోని టేపు తీసి అతని భుజాల మీద పెట్టింది. ఇద్దరూ ఊపిరి పీల్చారో లేదో వాళ్ళకే తెలియదు. ఆమె గబగబా పుస్తకంలో అంకె వేసి లోపలికి పారిపోయింది.

అతను వెళ్ళాక అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం చూసింది. భుజం, యాభై నాలుగు అంగుళాలు. పందొమ్మిదేళ్ళలో ఆ షాపులో అంత తప్పు కొలత ఎవరూ రాయలేదు.

అమ్మ నవ్వుకుని, దిద్దకుండానే పుస్తకం మూసేసింది.