చూసుకోమన్నది నేనే

ప్రవళిక మొదటిసారి చూసినప్పుడు ఎలీషా ఆమె తల్లి చేయి పట్టుకుని ఉన్నాడు.

ఉదయం ఏడు గంటలు. రాత్రి కురిసిన వానకు ఆర్ట్స్ బ్లాకు మెట్ల మీద ఆకులు అతుక్కుపోయాయి. చీపుళ్ళు గోడకు ఆనించి స్వీపర్లంతా వరసగా నిలబడ్డారు. ముందున్న శివమ్మ మణికట్టుకు ఆ కుర్రాడు ఒక నల్లటి వాచీ తొడిగి పట్టీ బిగిస్తున్నాడు.

శివమ్మ ఆ యూనివర్సిటీలో పద్దెనిమిదేళ్ళుగా ఊడుస్తోంది. ప్రవళిక అక్కడే ఎంసీఏ రెండో సంవత్సరం. గోల్నాక నుంచి తల్లీకూతుళ్ళు ఒకే బస్సులో వస్తారు.

"ఏందది?" అంది ప్రవళిక.

"జీపీఎస్ వాచీ అండీ. కాంట్రాక్టు స్టాఫ్ అందరికీ మా ఏజెన్సీ ఇస్తోంది. పని టైములో ఎక్కడున్నారో తెలుస్తుంది."

"ఎవరికి తెలుస్తది?"

"మా మేనేజర్‌గారికి. సేఫ్టీ కోసమండీ."

"ఎవరి సేఫ్టీ?"

అతను నవ్వాడు. నవ్వితే కుడి బుగ్గ మీద చిన్న గుంట పడింది. అది గమనించినందుకు ప్రవళికకు తన మీదే కోపం వచ్చింది.

"గంత మంచిదైతే నీ చేతికెందుకు లేదు?"

"నేను స్వీపర్ని కాదు కదండీ. ఫీల్డ్ ఎగ్జిక్యూటివ్‌ని."

వరసలో అందరూ అతని వంక చూశారు. తానన్న మాట ఎలా వినబడిందో అతనికి అప్పుడు తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"వారం రోజులు నువ్వు గూడ పెట్టుకో. డ్యూటీల, ఇంట్ల, అన్ని చోట్ల. ఎక్కడెక్కడ తిరిగినవో నేను చూస్త."

"మీరెలా చూస్తారండీ? అది కంపెనీ సర్వర్."

"చూస్తే ఒప్పుకుంటవా?"

"చూసుకోండి." డబ్బాలోంచి ఇంకో వాచీ తీసి అందరి ముందూ చేతికి పెట్టుకున్నాడు. "నా పేరు ఎలీషా. ఉండేది తార్నాకలో. మీరు కనిపెట్టేలోపు నేనే చెప్పేస్తున్నా."

"గా అండీలు జర తగ్గించు. చెవులు నొస్తున్నయి."

అతనికి తెలియనిది ఒకటుంది. ప్రతి శనివారం క్యాంటీన్‌లో ఓ మూల బల్ల వేసుకుని ప్రవళిక, ఇద్దరు స్నేహితులు కూర్చుంటారు. ఫొటోలు మార్చి బెదిరిస్తున్నారని, లోన్ యాప్ వాళ్ళు ఫోనులో నంబర్లన్నీ లాగేశారని ఎవరైనా వస్తే దారి చూపించి పంపుతారు. తాళం ఎక్కడ సరిగ్గా పడలేదో ఆమె కంటికి ఇట్టే తెలిసిపోతుంది.

ఆరో రోజు సాయంత్రం తార్నాక మెట్రో కింద టీ బండి దగ్గర ఎలీషా గ్లాసు అందుకుంటుంటే, పక్కన ఎవరో అన్నారు: "ఇది మూడోది ఇయ్యాల."

తిరిగి చూశాడు. ప్రవళిక. వానకు తడిసిన జుట్టు, చేతిలో ఫోను.

"ఆదివారం చర్చిల ప్రసంగం మొదలైంది, నువ్వు బయటికొచ్చినవ్. మిర్చిబజ్జీల బండి కాడ ఇరవై ఆరు నిముషాలు."

"మా అమ్మకి చెప్పకండి," అన్నాడు గబుక్కున.

"గురువారం లైబ్రరీ ఎనక బాత్రూంల నలభై నిముషాలు."

"కడుపు బాగాలేదండీ." ఈసారి అతను నవ్వలేదు. "ఇదంతా మీకెలా తెలిసింది?"

"వాచీ ఎనక నంబరున్నది. మా అమ్మ వాచీ తర్వాతి నంబరే నీది. మీ కంపెనీ వెబ్‌సైట్ల ఆ నంబరు కొడితే చాలు, పాస్‌వర్డ్ గూడ అడగది. నేను కొట్టింది నీ ఒక్క నంబరే. నా అసుమంటోళ్ళు కాక వేరేటోడు మా అమ్మ నంబరు కొడితే? మీ మేనేజర్ రోజూ ఆడోళ్ళ బాత్రూం లెక్కలు చదువుకుంట కూసున్నడు కదా."

ఎలీషా టీ గ్లాసు బండి మీద పెట్టేశాడు.

ప్రవళిక ఫోను వంక చూసి, అప్పటిదాకా లేని కొంటెతనంతో అంది: "ఒక్కటి సమజైతలేదు. రోజూ తొమ్మిదిన్నరకు మా కంప్యూటర్ ల్యాబు ముంగట ఇరవై నిముషాలు నిలబడుతున్నవ్. గాడ నీకేం డ్యూటీ?"

అతను మెల్లగా అన్నాడు: "అది నేను చెప్పాల్సిన మాట. ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నేను అనుకోవాలి. మీరు మ్యాపులో చూసి చెప్పేస్తే ఇక నాకేం మిగిలింది?"

ఆమె ముఖంలో నవ్వు పోయింది. ఎవరి సంగతి వాళ్ళే చెప్పుకోవాలని తాను ఇన్నాళ్ళూ శనివారం బల్ల దగ్గరి పోస్టర్ల మీద రాస్తున్నదే అతను ఆమెకు తిరిగి చెప్పాడు. ఫోనులో ఆ పేజీ మూసేసింది.

"తప్పు నాదే. మళ్ళ చూడ. ఒట్టు."

వెళ్ళిపోతున్న ఆమెను అతను పిలవలేదు. కానీ మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు ల్యాబు ముందు అతను లేకపోయేసరికి ఆమెకు ఏమీ తోచలేదు.

అతను ఆ టైముకు ఆఫీసులో ఉన్నాడు. వెబ్‌సైటుకు తాళం వేయించమని చెప్పడానికి వెళ్ళాడు. మేనేజర్ పరశురాం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నవ్వుకుంటున్నాడు.

"రా, నువ్వు గూడ విను," అని ఒకటి తీసి ఇచ్చాడు.

శివమ్మ గొంతు. డాక్టరు చెప్పిన సంగతేదో తోటిమనిషికి రహస్యంగా చెప్పుకుంటోంది. వాచీలో మైకు ఉందని, ఆఫీసులో కూర్చుని దాన్ని ఆన్ చేయొచ్చని ఎలీషాకు అప్పటిదాకా తెలియదు. నాలుగు ముక్కలు విని ఇయర్‌ఫోన్ లాగేశాడు.

"సెలవు అడుగుతదట. ముందే తెలిసిపాయె," అన్నాడు పరశురాం.

సాయంత్రం ఎలీషా వెతుక్కుంటూ ల్యాబుకు వచ్చాడు. వాచీ తీసి బ్యాగులో అడుగున పెట్టి, బ్యాగును దూరంగా వదిలి, అప్పుడు మాట్లాడాడు.

"మాటలు కూడా వింటున్నారు. ఈరోజు మీ అమ్మగారి మాట నేనూ విన్నాను. వినకూడని మాట. అదేంటో మీకు కూడా చెప్పను. ఆవిడ చెబితే ఆవిడే చెప్పుకోవాలి."

ప్రవళిక అతని వంక అలా చూస్తూనే ఉండిపోయింది. బయట వాన పెద్దదైంది. ఇద్దరిలో ఒక్కరూ కిటికీ వేయలేదు.

ప్రవళిక స్వీపర్లందరినీ అడిగింది. అందరూ సరేనన్నాక ఏజెన్సీకి, రిజిస్ట్రార్‌కు అన్నీ వివరంగా రాసి పంపింది. పది రోజులు చూసింది. జవాబు లేదు. పదకొండో రోజు ఆ ఉత్తరాన్నే ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో పెట్టింది. పైన ఒక్క వాక్యం రాసింది: 'మా అమ్మ ఊడవడానికి వస్తది, ఖైదుకు కాదు.'

సాయంత్రానికల్లా క్యాంపస్‌లో ప్రతి ఫోనులో అదే. మర్నాడు ఏజెన్సీ ఆమె మీద పోలీసులకు హ్యాకింగ్ ఫిర్యాదు ఇచ్చింది. రిజిస్ట్రార్ పిలిపించాడు.

గదిలో పరశురాం ముందే కూర్చుని ఉన్నాడు. వెనక ఎలీషా నిలబడి ఉన్నాడు.

"పోస్టు తీసెయ్యమ్మా. క్షమాపణ రాసిస్తే ఇక్కడితో పోతుంది. లేదంటే నీ అడ్మిషన్‌కే ముప్పు," అన్నాడు రిజిస్ట్రార్.

"అబద్ధం రాయలేదు సార్. ఎందుకు తీస్త?"

"సార్, ఈ అమ్మాయి మా సర్వర్ హ్యాక్ చేసింది," అన్నాడు పరశురాం. "మా పిల్లగాడే సాక్షి. ఎలీషా, చెప్పు."

అతని చేతిలో సంతకం పెట్టమని ఇచ్చిన కాగితం ఉంది. అమ్మ జీతం, తన జీతం కలిస్తే తప్ప ఇల్లు గడవదని ఆ గదిలో అతనొక్కడికే తెలుసు. కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు.

"హ్యాక్ చేయలేదు సార్. ఆమె చూసింది నా వాచీ ఒక్కటే. చూసుకోమన్నది నేనే. నలభైమంది ముందు అన్నాను."

"ఏయ్," అన్నాడు పరశురాం.

"ఇంకొకటి సార్." బల్ల మీదున్న పరశురాం ట్యాబ్ తీసుకుని, తన నంబరు నొక్కి మైకు ఆన్ చేసి, వారం దాటినా ఇంకా వాచీ ఉన్న చేతిని రిజిస్ట్రార్ ముందు పెట్టాడు. "ఏదైనా మాట్లాడండి."

"ఏం మాట్లాడాలయ్యా?" అన్నాడు రిజిస్ట్రార్ చిరాగ్గా.

రెండు సెకన్ల తర్వాత ట్యాబ్ అంది: "ఏం మాట్లాడాలయ్యా?"

ఆయన ముఖం తెల్లబోయింది. ఈ గదిని రోజూ తుడిచే మనిషి చేతికి ఏముందో, ఇన్నాళ్ళూ తను ఫోనులో ఎవరితో ఏమేం మాట్లాడాడో వరసగా గుర్తొచ్చినట్టుంది.

"కమిటీ వేస్తాను," అన్నాడు గొంతు సవరించుకుని.

"వేసుకోండి సార్. అప్పటిదాక మేం పెట్టుకోం," అని తలుపు దగ్గర గొంతు వినిపించింది. శివమ్మ. లోపలికి వచ్చి చేతిలోని బకెట్ బల్ల మీద పెట్టింది. అందులో నలభై వాచీలున్నాయి. "లెక్కవెట్టుకొని తీస్కోండ్రి."

ఎలీషా తన వాచీ కూడా విప్పి అందులో వేశాడు.

"రేపట్నుంచి రాకు," అన్నాడు పరశురాం.

"రమ్మన్నా రాను సార్."

ఎలీషా, ప్రవళిక తార్నాక మెట్రో కిందకు చేరేసరికి వాన పట్టుకుంది. ఇద్దరూ స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు.

"నౌకరీ పోయింది కదా," అంది ప్రవళిక. "భయమైతలేదా?"

"అవుతోంది. ఇంట్లో ఏం చెప్పాలో తెలియట్లేదు. కానీ మీకొక మాట చెప్పాలి. అది తెలుసు."

"చెప్పు."

"మెట్ల మీద మీరు నన్ను అందరి ముందూ నిలదీసిన రోజు నుంచి మీరంటే ఇష్టమండీ."

"గట్ల కాదు. అండీ లేకుండ."

వాన చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా అన్నాడు: "నువ్వంటే ఇష్టం."

"నాక్కూడ," అంది ప్రవళిక, ఎదురుగా వస్తున్న బస్సు నంబరు చూస్తున్నట్టు నటిస్తూ. ఆ బస్సు గోల్నాక వెళ్ళేదే. ఆమె ఎక్కలేదు.

ఆ ఆదివారం ఎలీషా తల్లి కరుణమ్మ తల్లీకూతుళ్ళను భోజనానికి పిలిచింది. ఆమె బడిలో టీచరు. కొడుకు ఉద్యోగం ఎందుకు పోయిందో విని మూడు రోజులు అతనితో మాట్లాడలేదు. నాలుగో రోజు, "ఆ పిల్లను తీసుకురా" అంది.

శివమ్మ చీర కొంగు సర్దుకుంటూ కుర్చీ అంచున కూర్చుంది. కరుణమ్మ కూర వడ్డిస్తూ అడిగింది.

"పోలీసు ఫిర్యాదు వాళ్ళు వెనక్కి తీసుకున్నారా అమ్మాయ్?"

"లేదు ఆంటీ. మంగళవారం స్టేషనుకు రమ్మన్నరు. పదింటికి."

కరుణమ్మ గరిటె ఆపింది. ఎలీషా తల వంచుకున్నాడు. శివమ్మ కూతురి చేయి పట్టుకుంది.

"అయితే బడికి సెలవు పెడతాను," అంది కరుణమ్మ. "తినండి, చల్లారిపోతోంది."

మంగళవారం పదింటికి నలుగురూ స్టేషను మెట్లెక్కారు. బల్ల దగ్గరి హెడ్ కానిస్టేబుల్ కాగితాలు తిరగేసి తలెత్తాడు.

"ప్రవళిక ఎవరమ్మా?"

"నేనే."

"మరి వీళ్ళంతా?"

ప్రవళిక నోరు తెరిచేలోపు కరుణమ్మ హ్యాండ్‌బ్యాగు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మేమంతా అమ్మాయి తరఫువాళ్ళం. మీరు రాసుకోండి, ఆ అమ్మాయి చెబుతుంది."