తిలెక్ చెప్పిన ‘షీ’

కిర్గిజ్ ఊరు కారకోల్‌లో సాయంత్రం ఇంగ్లీషు క్లాసుకు తిలెక్ మొదటి రోజే ఆలస్యంగా వచ్చాడు. కోటు నుంచి వాన నీళ్లు, బూట్ల నిండా బురద. అతను పశువుల డాక్టరు. ఆవుకు పురుడు పోసి వస్తున్నానన్నాడు.

“ఆ మాటే ఇంగ్లీషులో చెప్పండి,” అంది పంతులమ్మ బెగాయిమ్.

“అది వస్తే ఇక్కడికెందుకొస్తాను, ఎజే?”

క్లాసంతా నవ్వింది. పంతులమ్మను అందరూ అక్క అన్నట్టు ఎజే అనే పిలుస్తారు. తనకన్నా పెద్దవాడు, పైగా ఇంత బాగా నవ్వేవాడు అలా పిలవడం మాత్రం బెగాయిమ్‌కు నచ్చలేదు.

కిర్గిజ్ భాషలో ఆడైనా మగైనా మాట ఒక్కటే, ‘అల్’. అందుకే హీ, షీల దగ్గర అందరూ తడబడేవారు. ఇంట్లోవాళ్ల గురించి చెప్పమంటే ఒకరోజు తిలెక్ లేచాడు.

“షీ లవ్స్ మీ. షీ వెయిట్స్ ఫర్ మీ. వితౌట్ మీ షీ డజ్ నాట్ ఈట్.”

వెతికినా తప్పు దొరకలేదు. “వెరీ గుడ్,” అని బోర్డు వైపు తిరిగిన బెగాయిమ్ చాలాసేపటిదాకా ఇటు తిరగలేదు.

ఆ రాత్రే పిన్నికి ఫోన్ చేసి, ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తున్న బిష్కెక్ సంబంధం వాళ్లను ఆదివారం రమ్మంది. మర్నాడు క్లాసులో తిలెక్ ‘ఏ’ బదులు ‘ది’ అన్నాడు.

“ఇన్నాళ్లొచ్చి ఇదా మీరు నేర్చుకుంది?” అందరి ముందూ అనేసింది.

తిలెక్ క్లాసు మానేశాడు.

శుక్రవారం తెల్లటి ఉన్ని టోపీతో ఒక ముసలాయన వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు.

“తిలెక్ తాతను. నా మనవణ్ణి ఏమన్నావమ్మా? ఇంట్లో నోరు విప్పడం లేదు.”

“ఆయన భార్యను అడగండి.”

“భార్యా? అదే ఉంటే నాకీ తిప్పలెందుకు? ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. వాడొచ్చేదాకా నేను రొట్టె ముక్క ముట్టను.”

బెగాయిమ్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. క్లాసు వదిలేసి వానలోనే పెద్దాయన వెంట నడిచింది. పెరట్లో తిలెక్ గొర్రె కాలికి కట్టు కడుతున్నాడు.

“మీ తాతయ్య ‘హీ’ అండీ. ‘షీ’ కాదు.”

“ఇది చెప్పడానికి వానలో ఇంత దూరం వచ్చారా, ఎజే?”

“అలా పిలవకండి.”

“మరేమని పిలవను?”

“పేరుంది కదా.”

అతను గొర్రెను వదిలేశాడు. అది సగం కట్టుతోనే పరుగెత్తింది.

“బెగాయిమ్,” అన్నాడు మెల్లగా. “ఆదివారం నిన్ను చూడ్డానికి ఎవరో వస్తున్నారని ఊళ్లో అంటున్నారు. వద్దని చెబుతావా?”

“ఎందుకు చెప్పాలి?”

“నువ్వంటే నాకిష్టం. ఇంగ్లీషులో చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. తప్పు పోతే దిద్దుతావని భయమేసింది.”

బెగాయిమ్ అక్కడే నిలబడి పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని కేకలు పెరటి అవతలికి కూడా వినిపించాయి.

తొలి మంచు పడ్డాక తాతయ్య తిలెక్ మేనత్తలందరినీ వెంటేసుకుని, పెళ్లి ఖాయం చేసుకునే కమ్మలు పెట్టడానికి వచ్చాడు. ఆడవాళ్లు చేయాల్సిన పని అది. అయినా చనిపోయిన తన భార్య వెండి కమ్మలు ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఒక కమ్మ ఎలాగో పెట్టి, కళ్లు తుడుచుకున్నాడు.

“ఇటు తిరుగు తల్లీ,” అన్నాడు. “రెండో చెవి.”